డేగా, దగానా?

"సుక్కర్ పోయింది సార్. మా సుక్కర్ పోయింది."

ఫోన్‌లో ఒక మగమనిషి ఏడుస్తున్నాడు.

అరబ్బీలో సుక్కర్ అంటే చక్కెర. డ్యూటీ కానిస్టేబుల్ నుదురు రుద్దుకున్నాడు. "చక్కెర అయిపోతే కిరాణా కొట్టుకి ఫోన్ చెయ్యి నాయనా. ఇది పోలీస్ స్టేషన్."

"అయిపోలేదు సార్, పోయింది. ఇందాక పీట మీదే ఉంది. తలకి టోపీ కూడా పెట్టాను."

"చక్కెరకి టోపీ పెట్టావా?"

"రోజూ పెడతాను సార్. తోలు టోపీ. పెట్టకపోతే బెదిరిపోతుంది."

"నీ పేరేంటి?"

"మిస్రీ ఖాన్."

మిస్రీ అంటే కలకండ. కలకండ ఫోన్ చేసి చక్కెర పోయిందని ఏడిస్తే నమ్మే పోలీసు ఏ దేశంలోనూ పుట్టలేదు. కానిస్టేబుల్ ఫోన్ పెట్టేయబోయాడు.

పక్క టేబుల్ నుంచి లెఫ్టినెంట్ ముసబ్బా చెయ్యి చాపాడు. "ఇటివ్వు. తమాషాకి ఫోన్ చేసేవాడు అలా ఏడవడు."

రెండు ప్రశ్నలు అడిగాడు. ఫోన్ పెట్టేసి బండి తాళాలు అందుకున్నాడు.

"సుక్కర్ కాదురా, సకర్. డేగ. సఫారీ క్యాంపులో డేగని ఎవరో ఎత్తుకుపోయారు. సింధ్ వాడి నాలుక మీద పడి మన డేగ చక్కెరైపోయింది."

"డేగ పోతే వీడికి ఏడుపెందుకు సార్? అది క్యాంపు ఓనర్‌ది కదా?"

"డేగ ఓనర్‌ది. మెడ వీడిది," అన్నాడు ముసబ్బా.

*

ఎడారి అంటేనే ఏ దారీ లేని చోటు. కానీ సాయంత్రం సఫారీ వాళ్ళకి అక్కడ రోజూ ఒకటే దారి. తారు రోడ్డు చివర టైర్లలో సగం గాలి తీసేస్తారు. ఎర్ర ఇసుక దిబ్బల మీద బండిని ఎత్తి కుదేస్తారు. సఫారీలో ముందు సఫరయ్యేది కడుపు. ఆ తర్వాత దిగే సూర్యుడితో ఒక ఫొటో. క్యాంపు గుమ్మంలో కాఫీ, ఖర్జూరం. ఒంటె మీద ఒక చుట్టు. అరచేతికి గోరింటాకు. మోచేతి మీద డేగతో ఇంకో ఫొటో. ఆపైన బొగ్గుల మీద కాల్చిన మాంసం, గిరగిరా తిరిగే నాట్యం. టికెట్ మీద మాత్రం 'మరపురాని సాయంత్రం' అని అచ్చేస్తారు.

ఆ సాయంత్రం ఒకడికి నిజంగానే మరపురానిది అయ్యేలా ఉంది.

ముసబ్బా క్యాంపు చేరేసరికి పడమట ఎరుపు ఇంకా ఆరలేదు. పాట ఆగలేదు. టూరిస్టులు తివాచీల మీద చేరగిలబడి ప్లేట్ల కోసం చూస్తున్నారు. డేగ పోయిన సంగతి వాళ్ళెవరికీ తెలియనివ్వలేదు.

ఓనర్ ఫాదీ ఎదురొచ్చాడు. లెబనాన్ నుంచి వచ్చిన బేరూత్ మనిషి. ఒంటి మీద కాళ్ళదాకా తెల్లటి కందూరా చొక్కా, తల మీద గుడ్డ, జుట్టుకి సెంటు. పగలు బేరూత్ వాడే, సాయంత్రం అయ్యేసరికి ఎడారిలో తిరిగే బెదూ వేషం కడతాడు.

"రండి లెఫ్టినెంట్ గారూ. ముందు కాఫీ."

ఇత్తడి కూజా వంచి చిన్న గిన్నెలో పోశాడు. ముసబ్బా గిన్నె అందుకున్నాడు గానీ, మనసంతా ఫోన్‌లో విన్న ఏడుపు మీదే ఉంది. తాగకుండానే గిన్నెని ముందున్న చాప మీద పెట్టేశాడు.

ఫాదీ గుండె మీద చెయ్యేసుకుని చిలకలా పలికాడు. "కాఫీ తాగండి. మీరు కోరింది మీదే."

ముసబ్బా తలెత్తి అతన్ని చూశాడు. "నేను కోరేది దొంగని. ఇస్తావా?"

"ఇస్తాను సార్. స్టోరు గుడారంలో కూర్చోబెట్టాను."

పక్కన ఒక జర్మన్ ఆవిడ చేదు కాఫీని మూతి ముడిచి కింద పెట్టింది. ఫాదీ అటు తిరిగి, అదే చెయ్యి గుండె మీద పెట్టుకుని, అదే మాట ఇంగ్లీషులో అప్పజెప్పాడు. ఆవిడ నవ్వి ముక్కు మూసుకుని తాగేసింది.

"దొంగ ఎవరో నీకెలా తెలుసు?" అన్నాడు ముసబ్బా.

"లెక్క తేలికే సార్. డేగని చూసుకునే మిస్రీకి రేపు విమానం. ఇవాళ డేగ మాయం. ఇంట్లో ఆపరేషన్ ఉందంటున్నాడు, ఖర్చు ఉంటుంది కదా. కేసు రాసెయ్యండి. రేపటికి పిట్టా దొరకదు, పిట్టని పట్టినవాడూ దొరకడు."

*

మిస్రీ ఖాన్ బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాడు. నలభై దాటిన మనిషి. ముసబ్బాని చూసి లేవబోయాడు.

"కూర్చో భాయ్. చివరిసారి ఎప్పుడు చూశావు?"

"పొద్దుగూకే మగ్రిబ్ అజాన్ అప్పుడు సార్. పీట మీద పెట్టి, తాడు కట్టి, నమాజుకి వెళ్ళాను. వచ్చేసరికి పీట ఉంది, పిట్ట లేదు."

"ముందు ఎవరికి చెప్పావు?"

"ఫాదీ సాబ్‌కి. ఆయన నన్నే పట్టుకున్నారు. అందుకే మీకు ఫోన్ చేశాను."

"రేపు ఎందుకు వెళ్తున్నావు?"

"అక్కకి కిడ్నీ ఇవ్వాలి సార్. ఇంట్లో అందరినీ చూశారు. నాదొక్కటే సరిపోయింది. గురువారం ఆపరేషన్." మిస్రీ చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అమ్మ పోయాక అక్కే నన్ను పెంచింది. వారానికి మూడుసార్లు రక్తం కడుగుతున్నారు. ఇప్పుడు సూది గుచ్చడానికి చేతిలో నరం దొరకడం లేదంట. ఇంకెంతో కాలం ఆగదని డాక్టర్ చెప్పాడు."

ముసబ్బా పక్క బస్తా మీద కూర్చున్నాడు.

"కేసు రాస్తే నన్ను విమానం ఎక్కనివ్వరా సార్?"

ఎక్కనివ్వరు. కేసు నంబర్ పడ్డ పాస్‌పోర్టుకి ఎయిర్‌పోర్టు మెషీన్ ఎర్ర దీపం వెలిగిస్తుంది. దానికి కిడ్నీ సంగతి తెలియదు, కన్నీటి సంగతి అసలే తెలియదు. మిస్రీ జవాబు కోసం చూడకుండా ముందుకి వంగాడు.

"ఒకటి ఆలోచించండి సార్. ఇక్కడ ప్రతి డేగకీ పాస్‌పోర్టు ఉంటుంది కదా, మన డేగది ఫాదీ సాబ్ బీరువాలో ఉంది. అది లేకుండా ఆ పిట్టని ఎవడు కొంటాడు?"

ముసబ్బా వెళ్ళి బీరువా తెరిపించాడు. పాస్‌పోర్టు అక్కడే ఉంది. డేగ ఫొటోతో, ముద్రతో. అమ్మడానికి తీసినవాడు దాన్ని వదిలిపెట్టడు. కానీ ఇది ఆలోచన మాత్రమే, ఎవిడెన్స్ కాదు. కోర్టు ఆలోచనలని లోపలికి రానివ్వదు.

తర్వాత గుమ్మం పక్కనే ఉన్న పీట దగ్గరికి వెళ్ళాడు. టార్చ్ వేసి వంగి చూశాడు.

తాడు తెగలేదు. ముడి విప్పి ఉంది. విప్పిన తాడు గుండ్రంగా చుట్టి పీట పక్కన పెట్టి ఉంది.

"దొంగకి ఇంత శుభ్రత ఎందుకు?" అన్నాడు పైకే.

వెనక నుంచి ఫాదీ అందుకున్నాడు. "ఆ ముడి మామూలుది కాదు సార్. డేగ చేతి మీద ఉండగా ఒంటి చేత్తో వేసేది, ఒంటి చేత్తో విప్పేది. నా క్యాంపులో వీడికొక్కడికే వచ్చు."

ఆ మాటలో తప్పులేదు. అదే ముసబ్బాకి గుచ్చుకుంది. వెతికిన కొద్దీ ముడి ఊడకుండా ఆ అమాయకుడి మెడకే బిగుస్తోంది.

"గెస్టుల్ని అడగనా?"

"వద్దు సార్, దండం పెడతాను. దొంగతనం జరిగిన క్యాంపని రివ్యూలో రాస్తే నా పని ఇసుకలో కలిసిపోతుంది. కేసు రాయండి, చాలు."

*

ముసబ్బా బండ్లు నిలిపిన చోటికి నడిచాడు. ఆలోచన తెగనప్పుడు ఆ ఇసుకలో పుట్టిన వాళ్ళంతా చేసే పనే అతనూ చేశాడు. నడుస్తూ నడుస్తూ ఒక్కో టైరునీ బూటుతో తన్నాడు. మెత్తగా దిగింది. తర్వాతదీ మెత్తనే. దిబ్బలెక్కి వచ్చిన టైర్లన్నీ టైర్డుగా చతికిలబడి ఉన్నాయి.

తర్వాతది తన్నగానే కాలి బొటనవేలు జివ్వుమంది.

టైరు రాయిలా ఉంది. మిగతా మూడూ అంతే.

"ఈ బండెవరిది?"

టీ గ్లాసుతో ఒక పఠాన్ లేచాడు. జర్వలీ అని పేరు. అక్కడి డ్రైవర్లందరిలో పాతవాడు.

"నాదే సార్."

"సాయంత్రం నుంచి ఇక్కడే ఉందా?"

"ఇక్కడే సార్. కదల్లేదు."

"దిబ్బలెక్కేముందు గాలి తీశావా?"

"తీయకపోతే ఇసుక మింగేస్తుంది సార్."

"మరి ఇప్పుడు నిండుగా ఉందే. ఎవరు ఊదారు ఉస్తాద్? నోటితో నువ్వే ఊదావా?"

జర్వలీ మీసం కిందికి దిగింది. చుట్టూ చూశాడు.

"చేతి అలవాటు సార్. బండి రోడ్డు వైపు తిరిగిందంటే పంపు దగ్గర ఆపి గాలి కొట్టేస్తాను. చెయ్యి దానంతటది పోతుంది. తిరిగొచ్చేది గట్టి బాటే కదా అని మళ్ళీ తీయలేదు."

"రోడ్డుకెందుకు వెళ్ళావు?"

"ఫాదీ సాబ్‌కి చెప్పొద్దు సార్. గెస్టులు క్యాంపులో ఉండగా బండి తీస్తే ఉద్యోగం తీసేస్తారు. ఒక పెద్దాయన అడిగాడు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. రోడ్డు అవతల ఒంటెల దొడ్డి ఆయనది. దింపి వచ్చేశాను, అంతే."

"ఆయన చేతిలో కర్ర ఒక్కటేనా?"

జర్వలీ గ్లాసు వైపు చూశాడు. "రెండో చేతి మీద డేగ ఉంది సార్."

ముసబ్బా గొంతు తగ్గించాడు. తగ్గిస్తేనే అతని కోపం ఎక్కువగా వినిపిస్తుంది. "అక్కడ ఒకడిని గుడారంలో పెట్టి కాపలా కాస్తుంటే, నువ్వు టీ తాగుతున్నావా?"

"ఆయన దాచుకోలేదు సార్. గుమ్మంలోంచే నడిచొచ్చాడు. టూరిస్టులు ఆపి ఫొటోలు తీసుకున్నారు. ఆ డేగ ఆయనదే అనుకున్నాను. దొంగ అయితే నా పక్క సీట్లో కూర్చుని, నా పిల్లలు చల్లగా ఉండాలని దువా చేస్తాడా? గోల మొదలయ్యాక అనుమానం వచ్చింది. అప్పుడు భయమేసింది." తల వంచాడు. "తప్పే సార్. మిస్రీ మొహం చూడలేక ఇటొచ్చి కూర్చున్నాను."

ముసబ్బా నేరుగా జర్మన్ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ ఫోన్ తీసి చూపించింది. నెరిసిన గడ్డం, నిటారైన వీపు, మోచేతి మీద టోపీ పెట్టిన డేగ.

"ఎంత బాగా చేశాడో," అంది ఆవిడ. "ఈయన మీ ప్రోగ్రామ్‌లో మనిషి కాదా?"

దగా చాటుగా జరుగుతుంది. ఇక్కడ డేగ అందరి ఎదుటా, అందరి ఫోన్లలోకి ఎక్కి మరీ వెళ్ళిపోయింది. వేషగాళ్ళ మధ్య అసలు మనిషి నడిచిపోతే, అతన్నీ వేషమే అనుకున్నారు.

ఫొటో చూసి ఫాదీ చేతులు విసిరాడు. "ఈ ముసలాయనా? గుమ్మంలో కాఫీ పోశాను సార్. ఊరకే వచ్చాడు, తాగాడు, పోయాడు. వీడూ మిస్రీ కలిసే చేశారన్నమాట. ఇద్దరి మీదా రాయండి."

*

దొడ్డిలో లాంతరు వెలుగుతోంది. ఒంటెలు నెమరేస్తున్నాయి. ఫొటోలోని ముసలాయన బఖీత్ చాప మీద కూర్చుని, చేతి మీది డేగకి పావురం మాంసం ముక్కలుగా తినిపిస్తున్నాడు.

"సలాం తాతా."

"రా నాయనా. ఎవరి కొడుకువి?"

ముసబ్బా తండ్రి పేరు, తాత పేరు చెప్పాడు. ముసలాయన తల ఊపాడు. తాతని ఎరుగుదునన్నాడు. కూర్చోమన్నాడు.

"ఈ డేగ ఎవరిది తాతా?"

"చలికాలం మొదట్లో నా చేతికొచ్చింది. నేనే మచ్చిక చేశాను. నేను ఆసుపత్రిలో పడితే, మళ్ళీ లేవననుకుని మేనల్లుడు అమ్మేశాడు. లేచాను మరి. వసంతం రాగానే వదిలేస్తానని దానికి మాటిచ్చాను. మా నాన్న అలాగే వదిలేవాడు. ఆ క్యాంపుకెళ్ళి చూస్తే ఫొటోలకి నిలబెడుతున్నారు. ఆ మెరుపులు తగిలి తగిలి కంట్లో నీరు కారుతోంది, చూడు."

కారుతోంది. లాంతరు వెలుగులో కనిపించింది.

"మరి ఎలా తెచ్చుకున్నారు?"

"అడిగాను. ఇచ్చాడు."

"ఏమని అడిగారు?"

బఖీత్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. నీ తాత అంత తెలివైనవాడు, నువ్వేమిటి ఇలా పుట్టావన్నట్టు. "నోటితో అడుగుతారా ఎవరైనా?"

ముసబ్బా కళ్ళు గట్టిగా మూసి తెరిచాడు.

"తాతా, నాతో క్యాంపుకి రావాలి."

"నన్ను దొంగంటున్నారా?"

"ఇంకొకడిని అంటున్నారు. మీరు రాకపోతే వాడు రేపు విమానం ఎక్కలేడు. వాడు ఎక్కకపోతే వాడి అక్క బతకదు."

ముసలాయన ఇంకేమీ అడగలేదు. డేగకి టోపీ పెట్టి లేచాడు.

*

క్యాంపులో పాట ఆగింది. వంటవాళ్ళు, డ్రైవర్లు, ఒంటెల వాళ్ళు, నాట్యం చేసేవాడు, టూరిస్టులు అందరూ తివాచీల చుట్టూ చేరారు. మిస్రీ ఖాన్‌ని తీసుకొచ్చి ముందు కూర్చోబెట్టారు. డేగని చూడగానే వాడు దాని తల మీది టోపీ సరిగ్గా ఉందా అని మెడ చాచాడు.

ముసబ్బా ఫాదీని పిలిచాడు. "నేను చెప్పేది నీ గెస్టులకి నువ్వే వాళ్ళ భాషలో చెప్పాలి. వాళ్ళ భాషలన్నీ వచ్చినవాడివి నువ్వొక్కడివే."

"నేనా సార్?"

"నువ్వే. ఒక్క ముక్క వదలకుండా."

తర్వాత అందరి వైపు తిరిగాడు.

"మా వాళ్ళలో పెద్ద కోరిక ఉన్నవాడు నోరు తెరిచి అడగడు. అడిగితే ఇద్దరికీ చిన్నతనం. అందుకని ఆ ఇంటికి వెళ్తాడు. కాఫీ పోస్తారు. గిన్నె అందుకుని, తాగకుండా ముందు పెట్టుకుంటాడు. అంతే. నాకొక కోరిక ఉంది, తీరుస్తానంటేనే తాగుతాను అని దాని అర్థం. ఇంటాయనకి ఇష్టం లేకపోతే గిన్నె తీసేసి వేరే మాటలోకి వెళ్తాడు. ఇష్టమైతే ఒక మాట అంటాడు. ఆ మాట అన్నాక ఇక అడగడం లేదు, కాదనడం లేదు. వచ్చినవాడు తాగి, తనకి కావలసింది తీసుకుని వెళ్తాడు."

ఫాదీ ఇంగ్లీషులో చెప్పుకుంటూ వస్తున్నాడు. 'ఒక మాట' దగ్గర అతని నాలుక తడబడింది.

"ఆ మాట ఏంటి?" అంది జర్మన్ ఆవిడ.

"చెప్పు ఫాదీ," అన్నాడు ముసబ్బా. "నాకు చెప్పావు. ఆవిడకీ చెప్పావు. చేదని గిన్నె కింద పెట్టిన ప్రతివాడికీ చెప్తావు."

ఫాదీ గొంతు సవరించుకున్నాడు. "కాఫీ తాగండి. మీరు కోరింది మీదే." చెయ్యి గుండె మీదికి పోబోయి మధ్యలో ఆగింది. "సార్, అది ఎవరో పెద్దవాళ్ళు అంటుంటే విన్నాను. బాగుందని పెట్టాను. షో కోసం. రోజూ అంటాను."

"రోజూ అన్నావు. ఇవాళ దాని అర్థం తెలిసినవాడితో అన్నావు. ఈయన డేగ పీట పక్కనే నిలబడి, దాన్ని చూసి, నిన్ను చూసి, గిన్నె కింద పెట్టాడు. నువ్వు ఆ మాట అన్నావు. ఈయన తాగాడు, ఇక చాలని గిన్నె ఊపి నీ చేతికిచ్చాడు. మిస్రీ నమాజులో ఉన్నాడు. ఈయనే ముడి విప్పాడు. తాడు నీది కాబట్టి చుట్టి పెట్టి, అందరూ చూస్తుండగా పిట్టని తీసుకుని వెళ్ళాడు. ఇందులో దొంగ లేడు. నేనూ గిన్నె కింద పెట్టాను, ఆ మాట నా చెవినా పడింది, దొంగని వెతికే హడావిడిలో నాకూ తట్టలేదు."

డ్రైవర్లలో ఎవరో సన్నగా నవ్వి ఆపుకున్నారు. ఫాదీ మొహం మాడిపోయింది.

"నేను ఇవ్వాలని అనలేదు సార్. చట్టం ప్రకారం..."

"చట్టం ప్రకారం అడుగుతాను. ఇవ్వలేదంటావా, దొంగతనమని రాస్తాను. మిస్రీ పేరు ఉండదు, ఈ తాత పేరు ఉంటుంది. కానీ కేసంటే సాక్షి కావాలి. డేగని చూసుకున్నవాడే సాక్షి. విచారణ తేలేదాకా మిస్రీ ఊరు దాటడానికి వీల్లేదు. అదీ చట్టమే."

మిస్రీ ఖాన్ తల మోకాళ్ళ మధ్యకి పోయింది.

బఖీత్ రెండడుగులు ముందుకేశాడు. డేగ ఉన్న చేతిని ఫాదీ వైపు చాచాడు. పిట్ట ఆ చేతి మీద కదలకుండా కూర్చుంది.

"ఆ మాట ఉత్తదే అయితే ఇంతమంది ముందు ఉత్తదని అను నాయనా. నేను పేచీ పెట్టను. తీసుకో. వాణ్ణి మాత్రం అక్క దగ్గరికి పోనీ."

బొగ్గుల మీద మాంసం మాడుతున్న వాసన వచ్చింది. వంటవాడు కూడా కదల్లేదు.

జర్మన్ ఆవిడ అడిగింది. "ఏమంటున్నాడు ఆయన? మాకు చెప్పలేదు."

ఫాదీ చెప్పాడు. ఈసారి చెయ్యి గుండె మీదికి పోలేదు.

"అయితే మీరు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా?" అందావిడ.

ఫాదీ డేగని చూశాడు. టోపీ కింద నుంచి జారిన తడి చార చూశాడు. తర్వాత బియ్యం బస్తా దుమ్ము అంటిన మిస్రీ వీపు చూశాడు. తల మీది గుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మూడేళ్ళుగా రోజూ అంటున్నాను," అన్నాడు. "విన్నవాడు ఈయనొక్కడే." గుడ్డని మడిచాడు. "ఇచ్చాను."

ముందు ఇంగ్లీషులో అన్నాడు. ఆ తర్వాత ముసలాయన వైపు తిరిగి, ఆయన భాషలో మళ్ళీ అన్నాడు. "ఇచ్చాను పెద్దాయనా. నా దగ్గర పోయిందేమీ లేదు. ఫిర్యాదూ లేదు."

ముసబ్బా మిస్రీ ఖాన్ భుజం మీద చెయ్యేశాడు. "లే. సామాను సర్దుకో."

జర్వలీ వచ్చి మిస్రీ చంకల కింద చేతులేసి పైకి లేపాడు.

"పద భాయ్," అన్నాడు, వాడి మొహంలోకి చూడకుండా. "ఎయిర్‌పోర్టుకి నేనే దింపుతాను. ముందు మీ అక్కకి ఫోన్ చెయ్యి, వస్తున్నావని చెప్పు."